తిరుత్తణి ప్రాంతపు పాత ట్రాక్టరు ఇంజనులు: మార్పు భాగముల గుర్తింపు, పరిష్కరణము

తిరుత్తణి ప్రాంతపు తెలుగువారికి 1960వ సంవత్సరము సరిహద్దుల సంవత్సరముగా జ్ఞాపకమున్నది. పటాస్కరు నిర్ణయము ననుసరించి ఆ యేడు ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకాలో అధికభాగము చిత్తూరు జిల్లానుండి విడివడి మదరాసు రాష్ట్రమున చేరినది. అదే సంవత్సరమున మదరాసులో ట్రాక్టర్స్ అండ్ ఫార్మ్ ఎక్విప్‌మెంట్ అను సంస్థ స్థాపితమైనది. టాఫె యను పేరున ప్రసిద్ధికెక్కిన ఈ సంస్థ మాసీ ఫెర్గూసన్ కంపెనీ సహకారముతో మరుసటి యేటనుండి ట్రాక్టర్లను తయారుచేయ నారంభించినది. మొదటి సంఘటనను గూర్చి వ్రాయబడిన పుటలకు లెక్క లేదు. రెండవదానిని గూర్చి తెలుగున వ్రాసినవారు అరుదు. అయినను తిరువళ్లూరు, తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతములలో మడకలు అటకలెక్కుటకు గల కారణములలో ఇది మిక్కిలి దగ్గరిది. కర్మాగారమున్న సెంబియమునకు తిరుత్తణినుండి దూరము 90 కిలోమీటర్లకు మించదు.

మాసీ ఫెర్గూసన్ 35 అను బ్రిటిషు నమూనా వంశమున పుట్టిన 1035 ట్రాక్టరు ఈ ప్రాంతపు రైతులకు చిరపరిచితము. దాని హృదయము మూడు సిలిండర్ల డీజిలు ఇంజను. ఇంగ్లండులోని పీటర్‌బరోలో 1932లో నెలకొన్న పెర్కిన్స్ సంస్థ దీని మూలరూపమును కల్పించినది. 1959లో మాసీ ఫెర్గూసన్ పెర్కిన్స్ సంస్థను కొనివేసినది. మదరాసునందలి సింప్సన్ కంపెనీ 1950వ దశకమునందే పెర్కిన్స్ ఇంజనుల నిర్మాణమునకు పూనుకొనియుండుటచే టాఫె ట్రాక్టర్లకు ఇంజను పొరుగింటనుండియే లభించినది. 1949లో స్థాపితమైన ఇండియా పిస్టన్స్ కూడ ఆ కుటుంబములోనిదే. ఈ పాత ఇంజను పేరు ‘3.152’. పేరులోనే అర్థమున్నది: సిలిండర్లు మూడు, ఘనపరిమాణము 152 ఘనపు అంగుళములు. సిలిండరు బోరు 3.6 అంగుళములు, స్ట్రోకు 5 అంగుళములు. గుణించి చూచుకొన్నచో లెక్క సరిపోవును. తరువాతి కాలమున 1035 అను పేరుతోనే వచ్చిన బండ్లలో ఇంజను కొలతలన్నియు ఇవియే కావు. కావున బండి పేరు చెప్పి భాగమును కొనుట మొదటి పొరపాటు. ఇంజను సంఖ్య చెప్పి కొనవలెను.

పాత బండి ఒకటి రెండు తరములు పనిచేసి, ముగ్గురు నలుగురు యజమానుల చేతులు మారినచో అందు సెంబియమునుండి వచ్చిన భాగములు ఎన్ని మిగిలినవో చెప్పుట సులభము కాదు. విడిభాగములకు కరవున్న దినములలో లేతు పనివారు దొరికిన ఇనుముతో దొరకని భాగమును చేసియిచ్చిరి. అది వారి నేర్పు. ఆ నేర్పు లేనిచో ఎన్నియో బండ్లు పందిళ్లక్రింద తుప్పుపట్టియుండెడివి. తిరువాలంగాడులో తిరుత్తణి సహకార చక్కెర కర్మాగారము వెలసిన పిదప చెరకు బళ్లను లాగుటకు ఎక్కువ బలము కావలసివచ్చి, బండి తయారుచేసినవారు నిర్ణయించిన హద్దులను దాటి పంపులను త్రిప్పినవారును కలరు. ఇట్లు అవసరము వలన కొన్ని, ఆశ వలన కొన్ని, అజ్ఞానము వలన కొన్ని మార్పులు ఏర్పడినవి.

తాళపత్ర ప్రతులను పరిష్కరించు పండితుడు తన ముందున్న పాఠమంతయు కవిదేయని నమ్మడు. అట్లని తనకు నచ్చని పద్యమునెల్ల ప్రక్షిప్తమని కొట్టివేయడు. పాత ఇంజనును విప్పువాడును అట్లే వర్తింపవలెను. కనబడిన మార్పు మూడు విధములలో ఏదో తేల్చుకొనవలెను. తయారుచేసినవారే కాలక్రమమున చేసిన సవరణ యొకటి. అరుగుదలకు తగినట్లు కొలత మార్చి శాస్త్రోక్తముగా చేసిన మరమ్మతు రెండవది. సరిపడనిదానిని సరిపెట్టుట మూడవది. మొదటి రెండింటిని తీసివేసి ‘అసలు’ భాగమును పెట్టబోయినచో మేలునకు బదులు కీడే కలుగును. మూడవదానిని కనుగొనుటయే ఈ వ్యాసమునకు విషయము.

పరీక్ష బయటినుండి మొదలుకావలెను. బ్లాకుపైని సంఖ్యలు రెండు రకములు. పోతపోయునప్పుడు అచ్చులోనే ఏర్పడి ఉబ్బెత్తుగా నుండునవి పోత సంఖ్యలు. ఇవి ఆ భాగపు జాతిని తెలుపును. ఉలితో కొట్టినట్లు లోనికి దిగియుండునవి క్రమసంఖ్యలు. ఇవి ఆ ఒక్క ఇంజనుకు మాత్రమే చెందినవి. క్రమసంఖ్యయున్న చదునైన తావు ఆకురాయితో గీచినట్లున్నను, అంకెల లోతు ఒక్కటిగా లేకున్నను సందేహింపవలసినదే. పోత సంఖ్య బ్లాకుకొకటి, హెడ్డుకు వేరొక తరమునకు చెందినది అయినచో హెడ్డు మరియొక ఇంజనునుండి వచ్చినదని గ్రహింపవచ్చును. రంగు కూడ సాక్ష్యము చెప్పును. ఒక బోల్టు చుట్టు రంగు పెచ్చులూడి, ప్రక్క బోల్టుపై రంగు చెక్కుచెదరక యున్నచో ఎవ్వరో ఆ తావున విప్పి బిగించిరన్నమాట.

బోల్టుల విషయము కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన పాత ఇంజనులకు కలుగు హానిలో చాలభాగము ఇచ్చటనే పుట్టుచున్నది. ఈ ఇంజను అంగుళముల దేశమున పుట్టినది. మన దేశమున తూనికలు కొలతల చట్టము 1956లో వచ్చి, 1962 నాటికి మెట్రిక్ పద్ధతి దేశమంతట అమలునకు వచ్చినది. అనగా అంగుళముల ఇంజను మిల్లీమీటర్ల అంగళ్ల నడుమ పెరిగినది. 5/16 అంగుళపు బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు, ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకు దానికి గల భేదము కంటికి కనబడదు. కాని మర వేరు. అంగుళపు ముతక మరకు అంగుళమునకు 18 చుట్లు, అనగా చుట్టుకు చుట్టుకు 1.41 మిల్లీమీటర్ల ఎడము. మెట్రిక్ బోల్టున ఆ ఎడము 1.25 మాత్రమే. మెట్రిక్ బోల్టును ఆ రంధ్రమున పెట్టినచో రెండు మూడు చుట్లు సుఖముగా దిగి, పిదప బిగుసుకొనును. తొందరపాటు మనిషి అది తుప్పనుకొని పొడవైన స్పానరుతో బలవంతము చేయును. అంతటితో పోత ఇనుములోని మర నుగ్గగును. ఇట్లే 3/8 అంగుళపు బోల్టున్న చోట పది మిల్లీమీటర్ల బోల్టు దిగదు గనుక రంధ్రమునే క్రొత్తగా మరకోసి పెద్దది చేసిన బ్లాకులు గలవు.

దీనిని కనుగొనుటకు మర కొలుచు పళ్ల గేజి ఒకటి చాలును. అది లేనిచో కొలత తెలిసిన మంచి బోల్టు నొకదానిని సందేహింపబడు బోల్టు ప్రక్కన మరకు మర ఆనించి వెలుతురున పట్టి చూడవలెను. పళ్లు పళ్లలో ఇమిడినచో ఒకటే జాతి. మధ్యలో వెలుగు కనబడినచో వేరు. బోల్టు తలల మూలలు అరిగి గుండ్రనైయున్నచో అదియు నొక గుర్తు: అర అంగుళపు తలకు 12.7 మిల్లీమీటర్లు, 13 మిల్లీమీటర్ల స్పానరు దానికి పట్టినట్లే పట్టి జారును. చెడిన రంధ్రమును మరల పెద్దది చేయుట పరిష్కారము కాదు. తీగ చుట్టతో చేసిన మర తొడుగును అందు బిగించి పాత కొలతకే తెచ్చుట ఉత్తమము. ఈ తొడుగులు ఇప్పుడు మదరాసు అంగళ్లలో సులభముగా దొరకుచున్నవి.

ఇక ఇంజను లోపలికి దిగినచో పరీక్షకు చూపు చాలదు, మైక్రోమీటరు కావలెను. క్రాంకు షాఫ్టు అరిగినప్పుడు దానిని సానపట్టి సన్నగా చేసి, ఆ మేరకు దళసరియైన బేరింగులను పెట్టుట న్యాయమైన మరమ్మతు. ఈ తగ్గింపు అంగుళములో వెయ్యవ వంతులలో 10, 20, 30 అను మెట్లుగా నుండును. పనివారు దీనిని ‘తౌ’ అందురు. మిల్లీమీటర్లలో చెప్పినచో 0.25, 0.50, 0.75. ఈ రెండు వరుసలు అక్షరాల సమానములు కాకున్నను వ్యవహారమున ఒకటిగానే చెల్లుచున్నవి. బేరింగు వీపుమీద ఆ సంఖ్య ముద్రింపబడియుండును. సంఖ్య చదివి అదే సంఖ్యగల క్రొత్త బేరింగును కొనుట చాలమంది చేయు పని. అది చాలదు. మునుపటి మేస్త్రీ మూడు పిన్నులలో రెండింటిని 10 తౌలకు, దెబ్బతిన్న ఒకదానిని 20 తౌలకు సానపట్టియుండవచ్చును. అప్పుడు మూడింటికి 10 తౌల బేరింగులు పెట్టినచో ఒకచోట పది తౌల సందు అదనముగా ఏర్పడి, ఆయిలు ఒత్తిడి పడిపోవును, ఇంజను కొట్టుకొనును. కావున ప్రతి పిన్నును రెండు దిక్కులకు, ఒకదాని కొకటి అడ్డముగా కొలిచి వ్రాసికొనవలెను. రెండు కొలతలకు భేదమున్నచో పిన్ను గుండ్రదనము పోయినదని అర్థము.

బేరింగు వెనుక కాగితమో, ఇత్తడి రేకో, సిగరెట్టు పెట్టె తళుకు రేకో కనబడినచో అది నిస్సందేహముగా మూడవ తెగకు చెందిన మార్పు. దానికన్న చెడ్డది బేరింగు టోపీని ఆకురాయితో అరగదీయుట. అట్లు చేసినచో సందు తగ్గినట్లే తోచును గాని గుండ్రని రంధ్రము కోడిగుడ్డువలె నగును. రేకును తీసివేయవచ్చును, అరగదీసిన టోపీ మరల పెరుగదు. ఇంజను మరమ్మతులో చేర్చినది తీసివేయవచ్చును గాని, తీసివేసినది చేర్చరాదు. పాత బ్లాకులు, పాత క్రాంకులు నానాటికి అరుదగుచున్న ఈ కాలమున లేతుపై నొకసారి అనవసరముగా నెక్కించుట ఆ భాగపు ఆయువులో ఒక మెట్టును కోసివేయుటయే. ‘ఎందుకైనను మంచిది, ఒక సైజు కొట్టించుము’ అను సలహా మేలుకోరి చెప్పినదే కావచ్చును. కాని కొలత చూపనిదే దానిని అంగీకరింపరాదు.

సిలిండరు లైనర్ల విషయమున నింకొక చిక్కు కలదు. ఈ జాతి ఇంజనులలో పోత ఇనుప లైనర్లును, లోపలి ముఖమున క్రోమియము పూసిన లైనర్లును రెండును వాడబడినవి. క్రోమియపు లైనరులో క్రోమియపు రింగు తిరుగరాదు. రెండు గట్టి ముఖములు ఒండొంటిని గీరుకొని చెడును. రింగుల పెట్టెపై ‘పై రింగు క్రోమియము’ అని యున్నచో అవి పోత ఇనుప లైనరుకే తగును. క్రోమియపు లైనరును బోరు కొట్టించుట కూడ తగదు, దానిని మార్చవలసినదే. అయితే లైనరు ఏ రకమో తెలియుటెట్లు? పల్లెలో దీనికి తగిన పరీక్ష సాధనము ప్రతి రైతు ఇంట నుండునదే: మైలుతుత్తము. బోర్డో మిశ్రమమునకు వాడు మైలుతుత్తమును కొంచెము నీట కరగించి, లైనరు పైయంచున, రింగులు తాకని చోటును పెట్రోలుతో జిడ్డు లేకుండ తుడిచి ఒక చుక్క వేయవలెను. ఇనుమైనచో క్షణములలో ఎర్రని రాగి పొర కట్టును. క్రోమియమైనచో చుక్క నీలముగానే నిలుచును. పిదప నీటితో కడిగి, తుడిచి, నూనె రాయవలెను. బడిలో రసాయన శాస్త్రమున బాలురు చేయు ప్రయోగమే ఇది.

ప్రసక్తానుప్రసక్తముగా నొక మాట. ఆ బాలుర పాఠ్యపుస్తకములలో పిస్టను ‘ముషలకము’గా కనబడును. ఇంపైన మాటయే. కాని ఏ పట్టణమున ఏ అంగడిలోను ముషలకము అమ్మబడదు. పనివాడు పలుకు పిస్టను, లైనరు, నాజిలు అను మాటలు ఇప్పటికే తెలుగు విభక్తులను తొడుగుకొని తెలుగు మాటలైనవి.

హెడ్డు చదును చెడినప్పుడు యంత్రముపై నెక్కించి పలుచగా గీచుదురు. రెండు మూడు మారులు గీచిన హెడ్డు పలుచబడును. బ్లాకు ముఖమును గీచినచో పిస్టను పైకెక్కి వచ్చినట్లగును. దీనిని పరీక్షించుటకు పిస్టను తలపై వాల్వులకు తగులని చోట సన్నని సీసపు తీగను గ్రీజుతో అతికించి, హెడ్డును గాస్కెట్టుతో సహా సరిగా బిగించి, ఇంజనును చేతితో ఒక చుట్టు త్రిప్పి, మరల విప్పి నలిగిన తీగ దళసరిని కొలువవలెను. అది మరమ్మతు గ్రంథమున చెప్పిన కొలతకు తక్కువైనచో హెడ్డును మార్చుటయే శరణ్యము.

ఈ ప్రాంతపు పాత ఇంజనులలో అన్నిటికన్న తరచుగా కనబడు మార్పు ఒక భాగము ఉండుట కాదు, లేకుండుట. అది థర్మోస్టాటు. నీరు తగినంత వేడెక్కువరకు రేడియేటరు దారిని మూసియుంచు చిన్న కవాటము ఇది. ‘మన యెండలకు దీని అవసరమేమి? చలిదేశపువారి సొగసు’ అని దీనిని పీకివేయుట ఆచారమైనది. నిజమునకు ఇంజను కాగుటకు కారణము పెక్కుసార్లు రేడియేటరే. ఉప్పుబావి నీరు పోసిపోసి గొట్టములలో సున్నపు పొర కట్టును, నీరు సాగదు. నేరము రేడియేటరుది, శిక్ష థర్మోస్టాటుకు.

అది లేకపోయినచో జరుగునదేమి? ఇంజను ఎల్లప్పుడు చల్లగా నడచును. చల్లని సిలిండరు గోడపై డీజిలు పూర్తిగా కాలక ఆయిలులో దిగి దానిని పలుచన చేయును. దహనమున పుట్టిన నీటి ఆవిరి గోడపై చెమ్మగా పట్టును; డీజిలులోని గంధకము దానితో కలిసి ఆమ్లమై ఇనుమును తినును. 1990వ దశకపు తొలినాళ్లవరకు మన డీజిలులో గంధకము నూటికొక వంతువరకు అనుమతింపబడెడిది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అది పదిలక్షలకు పది వంతులకు తగ్గింపబడినది. కావున ఆమ్లబాధ నేడు బహు స్వల్పము. చల్లదనపు అరుగుదల, ఆయిలు పలుచనగుట మాత్రము ఎప్పటివలెనే యున్నవి. థర్మోస్టాటును మరల పెట్టుటకు ముందు దానిని నీటిలో వ్రేలాడదీసి, ఉష్ణమాపకముతో కాచి చూడవలెను. తెరచుకొనవలసిన వేడి దానిపైనే ముద్రింపబడియుండును. అంతకు ముందే రేడియేటరును శుభ్రపరుపవలెను. లేనిచో మొదటి దినముననే ఇంజను కాగి, థర్మోస్టాటు రెండవమారు నిందమోయును.

డీజిలు పంపుపై గరిష్ఠపు ఇంధనమును నిర్ణయించు మర తీగతోను సీసపు ముద్రతోను బంధింపబడియుండును. ముద్ర తెగియున్నచో ఎవ్వరో దానిని త్రిప్పిరని అర్థము. చెరకు బళ్ల బరువున నల్లపొగ మేఘములుగా వచ్చు బండ్లలో తరచు ఇదియే కారణము. దీనిని చెవితోను కంటితోను సరిచేయరాదు. పంపు పరీక్షించు బల్లయున్న శాలకు తీసికొనిపోవలెను. నాజిలు విషయమున రెండు సంగతులు చాలును. ఒకే సూదిరంధ్రముగలది, పెక్కు సన్నని రంధ్రములుగలది అని నాజిళ్లు రెండు తెగలు. మండుగది నిర్మాణమునుబట్టి తగినదొకటే. ఒకటి దొరకలేదని రెండవది పెట్టరాదు. ఇంజెక్టరు క్రింద రాగి వాషరు ఒకటియే యుండవలెను. పాతది రంధ్రమున అతుకుకొనిపోయి, చూడక దానిపై క్రొత్తది వేసినచో నాజిలు మొన పైకిలేచి పిచికారి గురి తప్పును. చిన్న టార్చిలైటు ఈ దోషమును పట్టును.

కొన్ని మార్పులను ఉన్నవి ఉన్నట్లు విడుచుటే వివేకము. డైనమోకు బదులు ఆల్టర్నేటరు పెట్టియున్నచో దానిని తీయనక్కర లేదు. ఆ కాలపు బ్రిటిషు బండ్లలో పెక్కింట బ్యాటరీ ధనధ్రువము చట్రమునకు కలుపబడెడిది; ఆల్టర్నేటరుకు సాధారణముగా ఋణధ్రువము కలుపవలెను. బ్యాటరీ మార్చువాడు పాత అలవాటున తారుమారు చేసినచో ఆల్టర్నేటరు క్షణములో కాలును. కావున బ్యాటరీ ప్రక్కన రంగుతో గుర్తు వ్రాసినచో చాలును. ఆయిలు తొట్టి గాలిశుద్ధికి బదులు కాగితపు ఫిల్టరు అమర్చియున్నను, గొట్టములలో గాలి చొరబడు సందు లేకున్నచో తప్పు లేదు. ప్రదర్శనకు నిలుపు బండికి అన్నియు పూర్వరూపమున నుండుట శోభ. దున్నవలసిన బండికి అట్టి నియమము లేదు.

భాగములను కొనునప్పుడు పాతదానిని చేత పట్టుకొని పోవుట పెద్దల పద్ధతి. కాని పట్టుకొనిపోయిన భాగమే మార్పు భాగమైనచో అంగడివాడు దానికి సరిజోడును వెదకి ఇచ్చును, తప్పు రెట్టింపగును. ముందు చెప్పిన కొలతల పట్టిక, ఇంజను సంఖ్య చేతనుండవలెను. క్రొత్త భాగములకు మదరాసులోని జనరల్ ప్యాటర్స్ రోడ్డు, విప్పిన బండ్ల భాగములకు పుదుపేట ప్రసిద్ధములు. పుదుపేటలో మంచి పాత భాగము నాసిరకపు క్రొత్తదానికన్న మేలుగా దొరకుటయు కలదు. అయితే బ్లాకును అట్లు కొనుట వేరు సంగతి. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రమున నున్న వివరములకు భిన్నముగా బండిని మార్చుటకు వీలులేదు. ఇంజను మార్చినచో అధికారుల అనుమతితో పత్రమున నమోదు చేయింపవలెను. పత్రమున నొక సంఖ్య, ఇనుముపై నొక సంఖ్య యున్న బండి అమ్మకమునకు, బీమాకు, అప్పునకు పనికిరాదు. బ్లాకు ఎక్కడినుండి వచ్చినదో చెప్పు రసీదు లేనిచో చిక్కు ఇంకను పెరుగును.

పాత చిట్టా పుస్తకముల విలువ ఇచ్చట తెలియును. ఏ యేట బోరు కొట్టించినది, ఎన్ని తౌల బేరింగు వేయించినది, ఎంత కూలి ఇచ్చినది తాతలు లెక్కల పుస్తకమున తెలుగు అక్షరములతో వ్రాసియుంచిన ఇండ్లలో ఇంజను విప్పకమునుపే సగము పని అయినట్లే. మనుమడు ఆ అక్షరములను చదువలేనివాడైనచో అదే సమాచారమునకై హెడ్డు విప్పి, గాస్కెట్టు పాడుచేసికొని, మైక్రోమీటరుతో మొదటినుండి కొలువవలసివచ్చును. క్రొత్తగా వ్రాయు చిట్టాలో తేదీ, ఇంజను నడచిన గంటలు, తీసిన భాగము, పెట్టిన భాగము, రెండింటి కొలతలు, కొన్న అంగడి పేరు ఉండవలెను. తీసిన భాగమునకు ఆయిలు రాసి, కాగితమున చుట్టి, పేరు వ్రాసిన చీటి కట్టి, కనీసము ఒక చెరకు తోలకము ముగియువరకైనను పారవేయక దాచియుంచవలెను. క్రొత్త భాగము సరిపడనిచో తిరిగి కొలిచి చూచుటకు వేరొక ఆధారముండదు.